కీబోర్డు ఆకారం మారితే చేతికి సుఖమా?

పారకు కామ వేయించుకొనే రైతు వడ్రంగి ముందు నిలబడి, తన ఎత్తు చూపించి మరీ వేయించుకొంటాడు. కామ పొట్టిదైతే నడుము వంగుతుంది. లావైతే పిడికిలి పట్టదు. పనిముట్టు మనిషికి తగినట్లు ఉండాలన్నది పల్లెలకు కొత్తగా చెప్పవలసిన మాట కాదు. అయితే అదే ఇంటిలోని కొడుకో, కోడలో రోజుకు ఆరేడు గంటలు వేళ్లతో తట్టే కీబోర్డును మాత్రం ఎవరి కొలతకూ చూసి కొనడం లేదు. కంప్యూటరుతో పాటు పెట్టెలో వచ్చినదే అందరికీ గతి.

సరిహద్దు గ్రామాలలో ఈ పని నానాటికీ పెరిగింది. కర్ణాటక పంచాయతీలలోని బాపూజీ సేవాకేంద్రాలలోనూ, తమిళనాడు ఇ-సేవై కేంద్రాలలోనూ, మహారాష్ట్ర ఆపలే సర్కార్ కేంద్రాలలోనూ, ఒడిశా మో సేవా కేంద్రాలలోనూ దరఖాస్తులు నింపేది మనుషుల వేళ్లే. బెంగళూరు, చెన్నై కార్యాలయాల పనిని ఊరి నుంచే చేస్తున్నవారూ ఉన్నారు. సాయంత్రానికి మణికట్టు లాగుతున్నదనీ, వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయనీ ఇళ్లలో వినబడుతున్నది. అప్పుడు పట్నం బంధువుల నుంచి తరచు వచ్చే సలహా ఒకటే: ‘ఎర్గోనామిక్ కీబోర్డు కొనండి’ అని.

మామూలు కీబోర్డు కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది. ఎర్గోనామిక్ అనే పేరు తగిలితే ధర వేలకు చేరుతుంది. విదేశాల నుంచి తెప్పించే కొన్ని రకాలు పదుల వేలు పలుకుతాయి. ఒక కుటుంబానికి అది నెల సరుకుల ఖర్చును మించిన మొత్తం. అంత ఖర్చుకు తగిన సుఖం లభిస్తుందా, ఆ సుఖాన్ని ముందుగా అంచనా వేసే మార్గమేదైనా ఉన్నదా అన్నది ఆలోచించవలసిన విషయం.

టైపు యంత్రం విడిచిపోయిన ఆకారం

అమెరికాకు చెందిన క్రిస్టఫర్ లేథమ్ షోల్స్ మరి ఇద్దరితో కలిసి 1868లో టైపు యంత్రానికి పేటెంటు పొందాడు. 1874లో రెమింగ్టన్ సంస్థ దానిని అమ్మకానికి తెచ్చింది. మీట నొక్కినప్పుడు దానికి అనుబంధంగా ఉన్న లోహపు కడ్డీ కదిలి కాగితంపై అక్షరాన్ని ముద్రిస్తుంది. ఆ కడ్డీలు ఒకదానికొకటి అడ్డు రాకుండా ఉండేందుకు మీటల వరుసలను ఒకదాని కంటె మరొకటి కొంచెం పక్కకు జరిపి అమర్చారు. టైపు ఇన్‌స్టిట్యూట్‌లో లోయర్, హయ్యర్ పరీక్షలకు సాధన చేసినవారందరికీ ఆ వాలు వరుసలు బాగా గుర్తుంటాయి.

నేటి కీబోర్డులో కడ్డీలు లేవు. వాటి కోసం ఏర్పడిన వాలు మాత్రం నిలిచిపోయింది. పైగా టైపు యంత్రంపై పనిచేసేవారు వరుస పూర్తి అయినప్పుడల్లా చేయి ఎత్తి క్యారేజిని నెట్టేవారు, కాగితం మార్చేవారు. ఆ కొద్ది విరామాలలో చేయి సేద తీరేది. కంప్యూటరు ఆ విరామాలను తొలగించింది. చేయి ఒకే భంగిమలో గంటల తరబడి నిలిచిపోతున్నది.

చేతిని ఇబ్బంది పెట్టే మూడు వంపులు

కీబోర్డుపై చేతులు ఉంచినప్పుడు మూడు రకాల వంపులు ఏర్పడతాయి.

మొదటిది పక్క వంపు. భుజాల వెడల్పు ఎక్కువ, మధ్య వరుస మీటల వెడల్పు తక్కువ. కనుక ముంజేతులు లోపలికి ఏటవాలుగా వస్తాయి. వేళ్లు మీటలపై నిటారుగా నిలవాలంటే మణికట్టు చిటికెనవేలి వైపు వంగక తప్పదు.

రెండవది వెనుక వంపు. కీబోర్డు వెనుక కాళ్లు ఎత్తి పెట్టినప్పుడో, బల్ల ఎత్తు ఎక్కువైనప్పుడో అరచేయి పైకి లేచి మణికట్టు వెనుకకు విరిగినట్లు ఉంటుంది.

మూడవది మెలిక. చేతిని ఒడిలో వదులుగా ఉంచితే బొటనవేలు కొంచెం పైవైపునకే ఉంటుంది. కీబోర్డు కోసం అరచేతిని పూర్తిగా బోర్లించవలసి వస్తుంది. అందువల్ల ముంజేయి మెలిపడుతుంది.

మణికట్టులో ఎముకలకూ, ఒక గట్టి పొరకూ నడుమ ఇరుకైన దారి ఉన్నది. వేళ్లను ముడిపించే తొమ్మిది స్నాయువులూ, మీడియన్ అనే నాడీ ఆ దారి గుండానే అరచేతిలోకి వెళతాయి. మణికట్టు బాగా వంగినప్పుడు ఆ దారిలో ఒత్తిడి పెరుగుతుంది. నాడి నలిగితే బొటనవేలు, చూపుడువేలు, నడిమివేళ్లలో తిమ్మిరి మొదలవుతుంది. దీనినే కార్పల్ టన్నెల్ సమస్య అంటారు. అయితే టైపు చేసేవారి చేతినొప్పి అంతా ఇదే కాదు. కండరాల అలసట, స్నాయువుల వాపు, మెడ నుంచి దిగే నొప్పి కూడ ఉంటాయి. నొప్పికి కారణాలు వేరైనప్పుడు ఒకే కీబోర్డు అన్నిటికీ మందు కాజాలదు.

ఒక్కో ఆకారం, ఒక్కో వంపుకు విరుగుడు

కీబోర్డును రెండుగా విడదీయాలన్న ఆలోచన కంప్యూటరు కంటె చాలా పాతది. 1915లోనే అమెరికాలో హైడ్నర్ అనే వ్యక్తి విడదీసిన మీటల టైపు యంత్రానికి పేటెంటు పొందాడు. 1926లో జర్మనీలో క్లాకెన్‌బర్గ్ మీటలను రెండు భాగాలు చేసి, ఏటవాలుగా అమర్చాలని సూచించాడు. 1972లో కార్ల్ క్రోమర్ అటువంటి కీబోర్డుతో ప్రయోగాలు చేసి వాటి ఫలితాలను ప్రచురించాడు.

నేడు దొరికే రకాలను వాటి ప్రయోజనాన్ని బట్టి గుర్తించవచ్చు. ఒకే పలకపై మీటలను రెండు గుంపులుగా ఏటవాలుగా బిగించినవి పక్క వంపును తగ్గిస్తాయి. 1994లో మైక్రోసాఫ్ట్ విడుదల చేసిన నేచురల్ కీబోర్డు ఈ రకాన్ని లోకమంతటా పరిచయం చేసింది. రెండు ముక్కలుగా పూర్తిగా విడిపోయేవాటిని భుజాల వెడల్పునకు జరుపుకోవచ్చు. నడుమ భాగం ఇంటి కప్పులా పైకి లేచినవి ముంజేతి మెలికను సడలిస్తాయి. గిన్నెలాంటి గుంతలలో మీటలు అమర్చిన రకాలలో వేలు ఎక్కువ దూరం చాచనక్కరలేదు. బ్రిటన్‌లో 1977 నాటి మాల్ట్రాన్, అమెరికాలో 1992 నాటి కైనెసిస్ ఈ కోవకు చెందినవి.

ఆకారాన్ని మార్చకుండా అక్షరాల స్థానాలను మార్చే మార్గం మరొకటి. 1936లో ఆగస్ట్ డ్వొరాక్, విలియం డీలీ పేటెంటు పొందిన అమరిక అటువంటిది. అది ఆంగ్ల అక్షరాల కోసం తయారైనది కావడం వల్ల తెలుగు టైపు చేసేవారికి దానితో ప్రయోజనం లేదు.

సుఖాన్ని కొలవడం ఎలా?

బరువును తక్కెడ తూచగలదు గాని సుఖాన్ని తూచే తక్కెడ లేదు. అందుకే పరిశోధకులు దానిని నాలుగు వైపుల నుంచి పరిశీలిస్తారు.

మణికట్టుకు సన్నని పరికరాన్ని అంటించి, టైపు చేస్తున్నంతసేపూ ఎన్ని డిగ్రీలు వంగిందో నమోదు చేయడం మొదటి పద్ధతి. చర్మంపై తీగలు అతికించి కండరాల శ్రమను గ్రహించడం రెండవది. నిమిషానికి ఎన్ని పదాలు, ఎన్ని తప్పులు అని లెక్కించడం మూడవది. నాలుగవది మనిషినే అడగడం. 1976లో కార్లెట్, బిషప్ అనే పరిశోధకులు మనిషి బొమ్మ గీసి, ఏ భాగంలో ఎంత ఇబ్బంది ఉన్నదో అందులో గుర్తు పెట్టించే పద్ధతిని ప్రతిపాదించారు. స్వీడన్‌కు చెందిన గున్నర్ బోర్గ్ రూపొందించిన సున్నా నుంచి పది వరకు గల కొలమానం కూడ విరివిగా వాడుకలో ఉన్నది. సున్నా అంటే ఏ బాధా లేదు. పది అంటే భరించరానంత.

ఈ నాలుగు కొలతలూ ఒకే మాట చెప్పవు. మణికట్టు నిటారుగా నిలిచినా మనిషికి హాయి అనిపించకపోవచ్చు. మనిషి హాయి అన్నా మణికట్టు వంగే ఉండవచ్చు. కొనుగోలుదారులు మోసపోయేది ఈ సందులోనే. పెట్టెపై ముద్రించే మాటలు చాలావరకు మొదటి కొలతకు సంబంధించినవి. కొనేవారు కోరుకొనేది నాలుగవది.

పరిశోధనలు తేల్చినది

వంపుల విషయంలో ఫలితాలు స్పష్టంగానే ఉన్నాయి. మార్క్‌లిన్, సిమనో తదితరులు 90 మంది టైపిస్టులను పరిశీలించి 1999లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, మామూలు కీబోర్డుపై సగటున 12 డిగ్రీలున్న పక్క వంపు విడదీసిన కీబోర్డులపై 5 డిగ్రీల లోపునకు తగ్గింది. అనగా ఆకారం తాను చేయవలసిన పని చేస్తున్నది.

సుఖం విషయం అంత తేలిక కాదు. అమెరికా జాతీయ వృత్తి భద్రత, ఆరోగ్య సంస్థ పరిశోధకులు 1997లో ప్రచురించిన అధ్యయనంలో 50 మందికి ఐదు రకాల కీబోర్డులను పంచి ఇచ్చి రెండు రోజులపాటు పనిచేయించారు. కొత్త ఆకారాలపై మొదట వేగం తగ్గి, తరువాత పుంజుకొన్నది. అలసటలోను, ఇబ్బందిలోను చెప్పుకోదగిన తేడా కనిపించలేదు.

అప్పటికే చేతినొప్పితో బాధపడుతున్న 80 మందిని ఆరు నెలలపాటు పరిశీలించిన మరొక అధ్యయనం 1999లో వెలువడింది. వారిలో కొందరికి మూడు రకాల ఎర్గోనామిక్ కీబోర్డులు, మిగిలినవారికి పోలిక కోసం సాధారణ కీబోర్డు ఇచ్చారు. విడదీసి బిగించిన ఒక రకం వాడినవారిలో ఆరు నెలల తరువాత నొప్పి తగ్గుముఖం పట్టింది. చేతి పనితీరు మెరుగుపడింది. కాని వైద్య పరీక్షలలో మాత్రం దానికి తగిన మార్పు కనబడలేదు. కీబోర్డు నచ్చినవారికే నొప్పి ఎక్కువగా తగ్గినట్లు కూడ ఆ అధ్యయనంలో తేలింది. కొత్త ఒక వింత, పాత ఒక రోత అన్న సామెతను మరచిపోరాదు. సాధారణ కీబోర్డు తీసుకొన్న బృందాన్ని కూడ పరిశీలించడంలోని ఉద్దేశం కొత్తదనపు హాయిని అసలు హాయి నుంచి వేరుచేయడమే.

అదే సంవత్సరం వెలువడిన ఇంకొక చిన్న అధ్యయనం కాలం విలువను తెలియజేస్తుంది. చేతులలో తిమ్మిరి ఉన్న 20 మందికి ఒకే ఆకారంలో ఉండి, మీటల బిగువులో మాత్రం తేడా గల రెండు కీబోర్డులు ఇచ్చారు. ఒక బృందానికి నొప్పి తగ్గడం ఆరవ వారానికీ పన్నెండవ వారానికీ నడుమ కనిపించింది. ఆకారమే కాదు, మీట నొక్కడానికి పట్టే బలం కూడ ముఖ్యమేననీ, మేలు కనబడడానికి వారాలు పట్టవచ్చుననీ దీనివల్ల తెలుస్తున్నది. దుకాణంలో నిలబడి పది నిమిషాలు తట్టి చూస్తే సుఖం తెలియదనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

కార్పల్ టన్నెల్ సమస్యకు ఎర్గోనామిక్ పరికరాలు ఎంతవరకు పనికివస్తాయో కాక్రేన్ సంస్థ 2012లో సమీక్షించింది. లెక్కకు తగిన పరీక్షలు రెండే దొరికాయి. వాటిలో పాల్గొన్నవారు మొత్తం 105 మంది. మేలు ఉన్నదనిగాని, లేదనిగాని తేల్చడానికి ఆధారాలు చాలవన్నదే ఆ సమీక్ష సారాంశం.

తెలుగు టైపు చేసే చేతులు

పై పరిశోధనలన్నీ ఆంగ్లం టైపు చేసేవారిపై జరిగినవి. తెలుగు వేళ్ల కదలిక వేరు. 1986లో కేంద్ర ఎలక్ట్రానిక్స్ విభాగం ప్రమాణీకరించిన ఇన్‌స్క్రిప్ట్ అమరికను 1991లో భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 13194లో చేర్చింది. ఇందులో గుణింతపు గుర్తులు ఎడమచేతి వైపు, హల్లులలో ఎక్కువ భాగం కుడిచేతి వైపు ఉంటాయి. ‘తెలుగు’ అనే మాటనే తీసుకొంటే ఆరు మీటలు నొక్కాలి. త కుడిచేతిది, ఎత్వం ఎడమచేతిది, ల కుడిది, కొమ్ము ఎడమది, గ కుడిది, మళ్లీ కొమ్ము ఎడమది. రోకటి పోట్ల వలె చేతులు వంతుల వారీగా పనిచేస్తాయి. ఒక చేయి నొక్కుతున్నప్పుడు రెండవది సేద తీరుతుంది. ఎడమ, కుడి పనులు ఇంత చక్కగా విడిపోయినందున, చూడకుండా టైపు చేయగలవారికి విడదీసిన కీబోర్డుకు అలవాటు పడడం కష్టం కాదు.

అన్ని మాటలూ అలా ఉండవు. ‘అక్క’ అన్నప్పుడు చేతులు వంతులు వేసుకొంటాయి. ‘అమ్మ’ అన్నప్పుడు అకారం, మకారాలు, వాటి నడుమ పొల్లు అన్నీ ఎడమచేతి మీదనే పడతాయి; కుడిచేతికి మిగిలేది షిఫ్టు ఒక్కటే. ఒత్తులు, వత్తక్షరాలు ఎక్కువగా గల భాషలో పొల్లు మీటకూ, షిఫ్టుకూ పని ఎక్కువ. అందుచేత షిఫ్టు మీట చిటికెనవేలికి దూరంగా గాని, బిగువుగా గాని ఉంటే ఎంత అందమైన కీబోర్డయినా తెలుగువారికి సుఖమివ్వదు. కొనేముందు తట్టి చూడవలసిన మొదటి మీట అదే.

సరిహద్దు కుటుంబాలకు ఇన్‌స్క్రిప్ట్‌లో మరొక సౌకర్యం ఉన్నది. తెలుగు, కన్నడ, తమిళ, ఒడియా, మరాఠీ భాషలలో ఒకే ధ్వనికి ఒకే మీట. ఉదయం కన్నడ దరఖాస్తు, మధ్యాహ్నం తెలుగు ఉత్తరం టైపు చేసే వ్యక్తి వేళ్లు రెండు అమరికలు నేర్చుకోనక్కరలేదు.

మీటలను చూస్తూ రెండు వేళ్లతో కొట్టేవారి సంగతి వేరు. వారు ఎడమ భాగంలోని మీటను కుడిచేతితోను, కుడి భాగంలోనిదాన్ని ఎడమచేతితోను అందుకొంటూ ఉంటారు. విడదీసిన కీబోర్డు వారికి మేలు కంటె చిక్కునే తెచ్చిపెడుతుంది.

అంకెల మీటల విషయం కూడ గమనించదగినది. కుడి పక్కన అంకెల గుంపు లేని పొట్టి కీబోర్డు కొంటే మౌస్ దగ్గరకు వస్తుంది, భుజం చాచనక్కరలేదు. ఉత్తరాలు, వార్తలు టైపు చేసేవారికి ఇది మంచిదే. రోజంతా పన్నెండంకెల ఆధార్ సంఖ్యలు కొట్టే సేవాకేంద్రం ఉద్యోగికి మాత్రం ఆ గుంపు లేకపోతే వేళ్లకు శ్రమ పెరుగుతుంది. ఒకరికి సుఖమైనది మరొకరికి కాదనడానికి ఇది తేలికైన ఉదాహరణ.

ఖర్చు లేని మార్పులు ముందు

కొత్త కీబోర్డు కొనేముందు ఉన్నదానిని సరిచేసుకోవడం వివేకం. వెనుక కాళ్లు ఎత్తి ఉంటే వెంటనే మడిచివేయాలి. 2001లో సిమనో, మార్క్‌లిన్ ప్రచురించిన కొలతల ప్రకారం, కీబోర్డు వెనుక భాగం 15 డిగ్రీలు పైకి లేచినప్పుడు మణికట్టు వెనుక వంపు సుమారు 22 డిగ్రీలు. వెనుక భాగం 15 డిగ్రీలు కిందికి వాలినప్పుడు అది 9 డిగ్రీలకు తగ్గింది. రెండు చిన్న కాళ్లు మడవడానికి పైసా ఖర్చు లేదు.

మీటల ఎత్తు మోచేతి ఎత్తుకు సమంగా గాని, కొంచెం దిగువగా గాని ఉండాలి. బల్ల ఎత్తయితే కుర్చీపై దుప్పటి మడిచి వేసుకొని, కాళ్ల కింద పీట పెట్టుకోవచ్చు. ల్యాప్‌టాప్‌పై గంటల తరబడి పనిచేసేవారు దానిని పుస్తకాల దొంతరపై ఎత్తి ఉంచి, మామూలు కీబోర్డు ఒకటి విడిగా తగిలించుకొంటే మెడ, మణికట్టు రెండూ కుదుటపడతాయి. టైపు చేస్తున్నప్పుడు మణికట్టును బల్ల అంచుకు ఆనించి నొక్కరాదు. అరగంటకొకసారి చేతులు దించి, ఒడిలో వదులుగా ఉంచుకోవడం ఏ కీబోర్డూ ఇవ్వలేని విశ్రాంతి.

ఇంటిలోనే పరీక్ష

ఒక నోటు పుస్తకం ఉంటే ఎవరి చేతి సుఖాన్ని వారే కొలుచుకోవచ్చు. మొదటి వారం ఏమీ మార్చకుండా, రోజూ పని మొదలుపెట్టేముందు ఒకసారి, ముగించిన తరువాత ఒకసారి మెడ, భుజం, ముంజేయి, మణికట్టు, వేళ్లు అనే ఐదు చోట్లకు సున్నా నుంచి పది వరకు అంకె వేసుకోవాలి. ఎన్ని గంటలు టైపు చేసినదీ పక్కన రాయాలి. వారానికి రెండుసార్లు ఒకే పేజీని టైపు చేసి, పట్టిన సమయాన్నీ, దొర్లిన తప్పులనూ లెక్కించాలి.

తరువాతి రెండు వారాలు పైన చెప్పిన ఖర్చు లేని మార్పులతో అదే లెక్క కొనసాగించాలి. సాయంత్రపు అంకెలు స్పష్టంగా తగ్గితే కొత్త కీబోర్డు అవసరం లేనట్లే. తగ్గకపోతే ఇబ్బంది ఏ చోట నిలిచిపోయినదో పుస్తకమే చూపుతుంది. చిటికెనవేలి వైపు మణికట్టు లాగుతూ ఉంటే విడదీసిన రకం, ముంజేయి బరువెక్కుతూ ఉంటే నడుమ లేచిన రకం పరిశీలించవచ్చు. వేళ్ల కొనలు నొప్పి పుడుతూ ఉంటే ఆకారం కంటె మృదువైన మీటలు మేలు. వీలైతే తెలిసినవారి వద్ద కొన్ని వారాలకు అరువు తెచ్చుకొని చూడడం, లేదా వాపసు తీసుకొనే గడువు ఎక్కువగా ఉన్నచోట కొనడం మంచిది. మొదటి వారంలో వేగం తగ్గడం సహజం. ఆ వారపు అంకెలను బట్టి తీర్పు చెప్పరాదు. కనీసం ఆరు వారాలు ఆగాలి.

ఒక హెచ్చరిక అవసరం. రాత్రి నిద్రలో చేయి తిమ్మిరెక్కి మెలకువ వస్తున్నా, చేతిలోని గ్లాసు జారిపోతున్నా, బొటనవేలి కింద కండ పలచబడినా కీబోర్డుల కోసం వెతుకుతూ కూర్చోరాదు. వైద్యుని చూడాలి. నాడి నలగడం ముదిరితే తిరిగి బలం రావడం కష్టమవుతుంది. మధుమేహం, థైరాయిడ్ లోపం ఉన్నవారిలోను, గర్భిణులలోను ఈ సమస్య టైపు పనితో నిమిత్తం లేకుండానే రావచ్చు.

ఎర్గోనామిక్ అన్న పేరు మోసమూ కాదు, మంత్రమూ కాదు. అది మణికట్టు వంపును తగ్గించగలదని కొలతలు చెబుతున్నాయి. ప్రతివారి నొప్పినీ తగ్గించగలదని మాత్రం ఇంతవరకు రుజువు కాలేదు. పార కామ సరిపోయిందీ లేనిదీ వడ్రంగి దుకాణంలో తేలదు, పొద్దు గూకిన తరువాత అరచేయి చెబుతుంది. కీబోర్డు విషయంలోనూ నోటు పుస్తకంలోని సాయంత్రపు అంకెలే అసలైన సాక్ష్యం.